మీకు తెలుసా? పారాలింపిక్ పతకానికి ప్రైజ్‌మనీ లేదు!
పోలికకు ఆఫ్‌రోడ్ ట్రయాథ్లాన్‌నే చూడండి. అంటే ఈత, కొండబాటల్లో సైకిల్, ఆపైన పరుగు. 1996లో హవాయి మౌయి దీవిలో మొదలైన ఈ తరహా ఎక్స్‌టెర్రా పోటీల్లో ముందు వరసలో నిలిచిన ప్రొఫెషనల్స్‌కు నిర్వాహకులే డాలర్లు ముట్టజెప్పేవారు. పారాలింపిక్స్‌లో ఆ ముచ్చటే లేదు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి విభాగం) పరుగును 55.82 సెకన్లలో ముగించి కాంస్యం గెలిస్తే, అక్కడ చేతికొచ్చింది పతకమే. డబ్బు సంగతి మన ప్రభుత్వాలు చూశాయి: కేంద్రం 30 లక్షలు, రాష్ట్రం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించాయి. కోచ్ నాగపురి రమేశ్‌కూ 10 లక్షలన్నారు, సంతోషం!