పారేసే ఆకుతో పూటకు కూర

ముల్లంగి దుంప తీసుకుని ఆకును పశువుల ముందు పడేయడం, ఒత్తుగా మొలిచిన మెంతి మొక్కలను పీకి గట్టున వేయడం పల్లెల్లో మామూలే. కూరగాయల ధరలు మండిపోతున్న రోజుల్లోనూ ఈ అలవాటు పోలేదు. నిజానికి ఆ పారేసే ఆకులోనే ఇంటిల్లిపాదికీ ఒక పూట కూర ఉంది.

తోటకూర, మెంతి, ముల్లంగి విత్తనాలు చల్లితే మొక్కలు ఒత్తుగా వస్తాయి. పలచన చేయకపోతే ఆకు ఎదగదు, దుంప ఊరదు. అలా పీకిన లేత మొక్కల వేళ్లు తుంచి, మట్టి పోయేలా రెండు మూడు నీళ్లలో కడిగి కందిపప్పులో వేసి వండుకోవచ్చు.

ముల్లంగి ఆకు ముదిరితే ఘాటు. లేతగా ఉండగానే సన్నగా తరిగి, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపుతో వేయించుకోవాలి. దుంపలో కన్నా ఆకులోనే సున్నపు ధాతువు ఎక్కువ. గుమ్మడి తీగ కొసలను నార తీసి వండితే మంచి కూర అవుతుంది. ముదిరిన తోటకూర కాడలు పులుసులోకి పనికివస్తాయి.

కర్నూలు, నంద్యాల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలలో శనగ బాగా పండుతుంది. విత్తిన నెల రోజులకు తలలు తుంచితే పక్క కొమ్మలు వేస్తాయి. తుంచిన చిగురు పుల్లగా ఉంటుంది కనుక పప్పులో చింతపండు తగ్గించవచ్చు.

ఆడవారికి మరీ అవసరం

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. రోజుకు 100 గ్రాముల ఆకుకూర తినాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఆకుకూరపై నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అయితే రక్తహీనత ఉన్నవారు డాక్టరిచ్చిన మాత్రలు మానరాదు.

ఇవి తినరాదు

అన్ని ఆకులూ కూరకు పనికిరావు. టమాటా, బంగాళదుంప ఆకుల్లో విషముంటుంది. వంగ ఆకు జోలికీ పోరాదు. పురుగు మందు కొట్టిన చేలో, డబ్బాపై రాసిన గడువు తీరేవరకు ఏ ఆకూ కోయరాదు. పెరట్లో మందు కొట్టకుండా పెంచిన ఆకే నిశ్చింత. దానికి పైసా ఖర్చు లేదు.