షెడ్డులో పుట్టిన కారుకు నంబరు ఎవరిస్తారు?

మీ కారు ఆర్సీ ఒకసారి చేతిలోకి తీసుకోండి. రిజిస్ట్రేషన్ నంబరు కాకుండా అందులో ఛాసిస్ నంబర్ అని మరొకటి కనిపిస్తుంది. అంకెలూ ఇంగ్లిషు అక్షరాలూ కలిసి మొత్తం 17. మన దేశంలో తయారైన కారైతే అది సాధారణంగా 'ఎం' అనే అక్షరంతో మొదలవుతుంది. తొలి మూడు స్థానాల్లో 'ఎంఏ3' అని ఉంటే మారుతి సుజుకీ, 'ఎంఏటీ' అని ఉంటే టాటా మోటార్స్, 'ఎంఏఎల్' అయితే హ్యుందాయ్. కారును వేరే రాష్ట్రానికి తీసుకెళ్లి స్థిరపడితే ప్లేటు మీది నంబరు మారుతుంది. ఈ 17 మాత్రం బండి తుక్కయ్యేదాకా మారవు. దీన్నే ప్రపంచవ్యాప్తంగా వాహన గుర్తింపు సంఖ్య, పొట్టిగా 'విన్' అంటారు.

ఈ సంఖ్యను ఇచ్చేది ఫ్యాక్టరీ. మరి ఫ్యాక్టరీలో పుట్టని కారు సంగతేమిటి?

బ్రిటన్, అమెరికాల్లో ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. అక్కడ 'కిట్ కార్లు' అనే సంప్రదాయం దశాబ్దాలుగా ఉంది. ఒక చిన్న కంపెనీ ఉక్కు గొట్టాల చట్రాన్ని, పైన బిగించే ఫైబర్ లేదా అల్యూమినియం భాగాలను అమ్ముతుంది. కొన్నవారు ఏదో పాత కారు నుంచి ఇంజన్, గేర్‌బాక్స్, ఇరుసులు తీసి ఇంటి వెనక షెడ్డులో సెలవు రోజుల్లో బిగించుకుంటారు. కోలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ కంపెనీ 1957లో తెచ్చిన 'లోటస్ సెవెన్' వీటిలో బాగా పేరున్నది. పూర్తిగా బిగించిన కారుకు అప్పట్లో బ్రిటన్‌లో కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలుగా కొంటే పడేది కాదు. ఆ రకానికి గిరాకీ పెరగడానికి ఇదీ ఒక కారణం. 1990లలో రాన్ చాంపియన్ అనే బ్రిటిష్ ఉపాధ్యాయుడు చట్రాన్ని కూడా మనమే చదరపు గొట్టాలతో వెల్డింగ్ చేసుకోవచ్చని పుస్తకం రాశాక, కంపెనీ ప్రమేయమే లేని కార్లు వందలుగా తయారయ్యాయి.

అలాంటి కారు రోడ్డెక్కాలంటే ముందు దానికొక పేరుండాలి. ఆ పేరే ఈ 17 అక్షరాల సంఖ్య.

పదిహేడు గళ్ల లెక్క

అమెరికాలో 1981 మోడళ్ల నుంచి 17 అక్షరాల పద్ధతి తప్పనిసరి అయింది. ఆ తర్వాత ప్రపంచమంతా దాదాపు ఇదే చట్రంలోకి వచ్చింది. మొదటి మూడు స్థానాలు తయారీదారును చెబుతాయి. తర్వాతి ఆరు బండి రకాన్ని, చివరి ఎనిమిది ఆ ఒక్క బండిని గుర్తిస్తాయి. ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు ఎక్కడా వాడరు. అవి ఒకటిలాగో సున్నాలాగో కనబడి పొరపాట్లు జరుగుతాయని వాటిని ముందే పక్కన పెట్టారు.

ఇందులో నాకు బాగా నచ్చేది తొమ్మిదో స్థానం. అమెరికాలో అక్కడ ఉండేది తనిఖీ అంకె. ప్రతి అక్షరానికీ ఒక విలువ ఇస్తారు: ఏ అంటే 1, బీ అంటే 2, ఇలా. ప్రతి స్థానానికీ ఒక భారం ఉంటుంది. మొదటి నుంచి వరుసగా 8, 7, 6, 5, 4, 3, 2, 10, 0, 9, 8, 7, 6, 5, 4, 3, 2. విలువను భారంతో గుణించి, అన్నీ కూడి, 11తో భాగించాలి. మిగిలిన శేషమే తొమ్మిదో స్థానంలో ఉండాలి. శేషం 10 వస్తే 'ఎక్స్' రాస్తారు.

కాగితం మీద చేసి చూడండి. పదిహేడు ఒకట్లతో ఒక సంఖ్య రాసుకుందాం. అన్ని విలువలూ 1 కాబట్టి భారాలను కూడితే చాలు, 89 వస్తుంది. 11తో భాగిస్తే శేషం 1. తొమ్మిదో స్థానంలో ఉన్నదీ 1 కాబట్టి సంఖ్య సరైనదే. ఇప్పుడు ఎవరో గుమస్తా నాలుగో స్థానంలోని 1ని 7 అని చదివాడనుకుందాం. ఆ స్థానం భారం 5, విలువలో తేడా 6. మొత్తానికి 30 కలిసి 119 అవుతుంది, శేషం 9కి మారుతుంది. తప్పు వెంటనే దొరికిపోయింది.

పదితో కాకుండా పదకొండుతోనే ఎందుకు భాగిస్తారు? తప్పు వల్ల మొత్తంలో వచ్చే మార్పు, భారాన్ని విలువలోని తేడాతో గుణిస్తే వచ్చేదే. భారం 10కి మించదు, తేడా 9కి మించదు. 11 ప్రధాన సంఖ్య కాబట్టి తనకంటే చిన్నవైన రెండు సంఖ్యల లబ్ధాన్ని అది ఎన్నటికీ నిశ్శేషంగా భాగించదు. అదే పదితో భాగిస్తే, భారం 5, తేడా 2 అయినప్పుడు మార్పు సరిగ్గా 10 వచ్చి తప్పు కంటపడకుండా జారిపోతుంది. పక్కపక్క అక్షరాలు తారుమారైనా పదకొండు చాలావరకు ఇదే కారణంతో పట్టేస్తుంది. పాత పది అంకెల పుస్తకాల ఐఎస్‌బీఎన్ సంఖ్యలోనూ ఈ పదకొండే ఉంది. అయితే లోపం లేకపోలేదు. ఏ, జే రెండింటి విలువా 1 కాబట్టి ఒకదాని బదులు మరొకటి రాస్తే లెక్కకు తెలియదు.

అన్నట్టు, మన దేశంలో అన్ని కంపెనీలూ తొమ్మిదో స్థానాన్ని ఇలా వాడవు. మీ కారు నంబరుతో లెక్క కుదరకపోతే కంగారు పడకండి.

ఒక బండి 'అదే బండి' ఎప్పుడవుతుంది?

బ్రిటన్‌లో కిట్ కారు కట్టినవారు రెండు గుమ్మాలు దాటాలి. ఒకటి విడి వాహన ఆమోద పరీక్ష. బ్రేకులు, లైట్లు, స్టీరింగ్, పొగ, పాదచారికి తగిలితే కోసుకుపోయే పదునైన అంచులు, అన్నీ ఆ ఒక్క కారు మీదే పరీక్షిస్తారు. ఔత్సాహికులు కట్టినదని నిరూపించడానికి పని జరుగుతున్నప్పటి ఫొటోలు, భాగాలు కొన్న రసీదులు చూపాలి. రెండో గుమ్మం రిజిస్ట్రేషన్ సంస్థ. చట్రం అమ్మిన కంపెనీ దాని మీద సంఖ్య కొట్టి ఇస్తే సరే. చట్రాన్నీ సొంతంగా చేసుకుంటే సంస్థే ఒక సంఖ్య కేటాయించి, చట్రం మీద చెరగకుండా కొట్టించుకోమంటుంది.

అసలు చిక్కు పాత భాగాలతో వస్తుంది. పాత కారును భారీగా మార్చినప్పుడు అది పాత గుర్తింపును నిలుపుకుంటుందా లేదా తేల్చడానికి అక్కడ చాలా ఏళ్లపాటు ఒక పాయింట్ల పద్ధతి నడిచింది. మార్చని చట్రానికి 5, సస్పెన్షన్‌కు 2, ఇరుసులకు 2, గేర్‌బాక్స్ వ్యవస్థకు 2, స్టీరింగ్‌కు 2. ఇంజన్‌కు మాత్రం 1. మొత్తం 8 వస్తే పాత పేరే దక్కుతుంది. కారుకు గుండె ఇంజనే అని మనం అనుకుంటాం. అధికారుల దృష్టిలో వెన్నెముకే మనిషి! వయసూ పుట్టుకా తేలని బండికి 'క్యూ'తో మొదలయ్యే ప్లేటు ఇస్తారు. గుర్తింపు సంఖ్యలో నిషేధించిన అక్షరమే గుర్తింపు తెలియని బండికి ముద్ర కావడం తమాషాగా ఉంటుంది.

అమెరికాలో ఈ పని రాష్ట్రాలది. కాలిఫోర్నియాలో ఇలాంటి వాటిని 'ప్రత్యేకంగా నిర్మించిన వాహనం' అంటారు. హైవే పోలీసులు వచ్చి భాగాలను, రసీదులను సరిచూసి సంఖ్య కేటాయిస్తారు. రసీదుల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, దొంగిలించిన కారును విడగొట్టి, ఇంట్లో కట్టానని చెప్పి కొత్త పేరుతో బయటికి తేవడం తేలిక కాబట్టి.

ఉక్కు మరచిపోదు

సంఖ్యను రంగుతో రాయకుండా పంచ్‌తో ఎందుకు కొట్టిస్తారో ఇక్కడ చెప్పుకోవాలి. గట్టి పంచ్ దెబ్బ పడినప్పుడు ఉక్కులో గుంట మాత్రమే పడదు. దాని అడుగున, కంటికి కనిపించే లోతుకు ఇంకా కిందిదాకా, లోహపు స్ఫటికాల్లో పరమాణువుల వరుసలు జరిగిపోయి శాశ్వతంగా చెదిరిపోతాయి. ఆకురాయితోనో గ్రైండర్‌తోనో అంకెలను అరగదీసి పైన నున్నగా చేసినా, కింద ఆ చెదిరిన పొర మిగిలే ఉంటుంది. ఒత్తిడికి గురైన ఆ భాగం ఆమ్లంతో వేరుగా చర్య జరుపుతుంది. అందుకే ఫోరెన్సిక్ నిపుణులు ఉపరితలాన్ని మెరుగుపెట్టి, కాపర్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన ద్రావణాన్ని రుద్దుతారు. పోయిందనుకున్న అంకెలు నీడల్లా తేలి వస్తాయి. మరీ లోతుగా గీకేస్తే మాత్రం ఈ పద్ధతికీ దొరకవు.

మన దగ్గర

మన మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు. కొత్త బండి రిజిస్ట్రేషన్‌కు ఫారం 22 కావాలి. బండి ప్రమాణాల ప్రకారం ఉందని తయారీదారు ఇచ్చే ధ్రువపత్రం అది. తయారీదారు ఆ మాట అనాలంటే ముందు నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలో పరీక్షింపజేయాలి. వేల బండ్లు అమ్మే కంపెనీకి ఆ ఖర్చు ఒక లెక్క కాదు. ఒక్కటే కట్టుకున్న మనిషికి అది దాటలేని గోడ. ఉన్న బండిని మార్చుకుందామన్నా 52వ సెక్షన్ అడ్డొస్తుంది. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది.

ఈ కఠినత్వం వెనక కారణం లేకపోలేదు. ఉత్తరాదిన నీటిపంపు డీజిల్ ఇంజన్‌ను చెక్కల బండికి బిగించి జనాన్ని ఎక్కించుకునే 'జుగాడ్'లను చూసినవారికి అది తెలుస్తుంది. జుగాడ్ కూడా మోటారు వాహనమేనని, రిజిస్ట్రేషన్, బీమా లేకుండా తిరగరాదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. నంబరు లేని బండికి బీమా ఉండదు. అది గుద్దితే గాయపడినవారికి పరిహారం ఎవరిచ్చేదో తేలదు.

అయినా ఒక్క బండిని ఒక్క బండిగా పరీక్షించే దారి మనకూ ఉండాలని నా అభిప్రాయం. పరీక్షా కేంద్రాలు ఉన్నాయి, పనిమంతులూ ఉన్నారు. 2007 నుంచి జరుగుతున్న బాజా ఎస్‌ఏఈ ఇండియా పోటీల కోసం ఇంజనీరింగ్ విద్యార్థులు ఏటా సొంతంగా బండ్లు రూపొందించి కడుతున్నారు. అవన్నీ పోటీ ట్రాక్‌కే పరిమితం.

2021 చివర్లో మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో ఒక కమ్మరి పాత సామానుతో చిన్న జీపు తయారుచేశాడు. బైక్‌లాగా కాలితో కొట్టి స్టార్ట్ చేసేది. ఆ వీడియో చూసిన ఆనంద్ మహీంద్రా, ఇది నిబంధనలకు కుదరదని అధికారులు ఏదో రోజు ఆపేస్తారని చెబుతూ, దాని బదులు కొత్త బొలేరో ఇస్తానన్నారు. 2022 జనవరిలో ఆ కుటుంబం బొలేరో అందుకుంది. బొలేరోకు 17 అక్షరాల సంఖ్య ఉంది. జీపుకు లేదు.