కుక్క గూడు: కట్టేది ఒకసారి, కడిగేది రోజూ

మా బ్రాంచ్‌లో చేరిన మొదటి ఏడాదే వినే మాట ఒకటుంది. కోడ్ రాసేది ఒకసారే, దాన్ని చదివి సరిచేసుకుంటూ ఉండేది మాత్రం ఏళ్ల తరబడి. కుక్క గూడు కూడా అంతే. కట్టడం రెండు రోజుల పని, కడగడం 365 రోజుల పని. అందుకే గూడు ప్లాన్ కడిగే మనిషిని దృష్టిలో పెట్టుకుని మొదలవ్వాలి.

మా ఊళ్లో ఆ మనిషి మా తాతయ్య. డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు, వంగడం కష్టం. అయినా మా నాటు కుక్క చిట్టి పని ఇంకెవరికీ అప్పజెప్పరు. పోయిన సెలవుల్లో నేనూ ఊరి మేస్త్రీ కలిసి దానికి ఆరుబయట ఎత్తైన గూడు కట్టాం. ఏది ఎందుకు అలా పెట్టామో చెప్తాను, మీ ఇంట్లో కూడా కుక్క ఉంటే పనికొస్తుంది.

ముందు అసలు శుభ్రత ఎందుకంత ముఖ్యమో చూద్దాం. గోమార్లు (కొన్ని చోట్ల పిడుదులు అంటారు) రక్తం తాగాక కుక్క మీద నుంచి దిగిపోయి, గోడ పగుళ్లలో, చెక్కల సందుల్లో గుడ్లు పెడతాయి. ఒక్క ఆడ గోమారి పెట్టే గుడ్లు వేలల్లో ఉంటాయి. అంటే కుక్కకి ఎంత మందు రాసినా, గూట్లో సందులుంటే కథ మళ్లీ మొదటికే. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, టీకా వేయని కుక్కపిల్లల ప్రాణం తీస్తుంది. లెప్టోస్పైరోసిస్ అయితే ఎలుకలు, కుక్కల మూత్రం కలిసిన తడి నుంచి మనుషులకి కూడా సోకుతుంది. చెప్పుల్లేకుండా, కాలికి చిన్న గాయంతో గూడు కడిగే పెద్దవాళ్లకి ఇది నిజమైన ప్రమాదం.

ఇప్పుడు నేల. మేం ఒకటే కడప బండ తీసుకున్నాం, 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అంగుళం మందం. రెండు ముక్కలు చౌకగానే వస్తాయి గానీ, మధ్యలో అతుకు వస్తుంది. అతుకు అంటే గోమార్లకి ఇల్లు. ఈ బండ దాదాపు 75 కిలోలు ఉంటుంది కాబట్టి చెక్క కాళ్లు నమ్మలేదు. రెండు చివర్లా, మధ్యలో ఒకటి, మొత్తం మూడు ఇటుక గోడలు అడుగున్నర ఎత్తు కట్టి వాటి మీద పెట్టాం. గోడల మధ్య ఖాళీ అటూ ఇటూ తెరిచే ఉంచాం. చీపురు దూరుతుంది, వెలుతురు పడుతుంది, ఎలుక కాపురం పెట్టదు.

తర్వాత వాలు. మేస్త్రి భాషలో వాటం. ముందు నుంచి వెనక్కి 4 అడుగులకి ఒక అంగుళం చాలు. గుమ్మం వైపు ఎత్తు, వెనక వైపు పల్లం. వెనక గోడ అడుగున అర అంగుళం సందు వదిలితే నీళ్లు అటే పోతాయి. దాని కింద నిలువునా సగానికి కోసిన పీవీసీ పైపు పెట్టి, బావికీ కూరగాయల మడికీ దూరంగా ఇంకుడు గుంతలోకి వదిలాం.

పైన పెట్టె. చెక్కలకి ఆయిల్ పెయింట్ రెండు కోట్లు, సందుల్లో పుట్టీ. పైకప్పు రేకుకి ఒక పక్క మడత బందులు పెట్టాం, పెట్టె మూతలా పైకి లేస్తుంది. కడిగేటప్పుడు మీద పడకుండా ఒక కర్ర ఊత. తాతయ్య ఇప్పుడు స్టూల్ మీద కూర్చుని పైనుంచే కడిగేస్తారు, లోపలికి దూరే పని లేదు. బండా రేకూ రెండూ ఎండకి కాలిపోతాయి కాబట్టి గూడు వేప చెట్టు నీడలోనే ఉండాలి. గుమ్మం వానజల్లు కొట్టే వైపు పెట్టకూడదు. ముసలి కుక్క అయితే ముందు ఒక చిన్న మెట్టు వేయండి.

కడిగే పద్ధతికి కూడా ఒక వరస ఉంది. ముందు మలం ఎత్తేయాలి, తర్వాత సబ్బు నీళ్లతో రుద్దాలి, ఆ తర్వాతే బ్లీచ్. మురికి మీద పోస్తే బ్లీచ్ సరిగా పనిచేయదు. మామూలు లిక్విడ్ బ్లీచ్ ఒక వంతుకి 30 వంతుల నీళ్లు, పది నిమిషాలు ఉంచి కడిగేయాలి. పూర్తిగా ఆరాకే కుక్కని లోపలికి వదలాలి. బ్లీచ్‌ని బాత్రూం యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. కాళ్లకి బూట్లు, చేతులకి గ్లౌజులు తప్పనిసరి. పరుపుకి రెండు గోనె సంచులు ఉంటే చాలు, ఒకటి గూట్లో, ఒకటి ఎండలో.

మీరూ కట్టాలనుకుంటే టేపు పట్టుకునే ముందు ఇంట్లో ఒక్క ప్రశ్న అడగండి: "దీన్ని రోజూ కడిగేది ఎవరు?" వాళ్లు ఎంత వంగగలరో, ఎంత బరువు ఎత్తగలరో తెలిస్తే సగం కొలతలు తెలిసినట్టే. కడగడం తేలికైతే రోజూ కడుగుతారు. కష్టమైతే, పాపం, రేపు చూద్దాంలే అనుకుంటారు. ఆ రేపటి కోసం గోమార్లు ఎదురుచూస్తూనే ఉంటాయి.