సంతకము పడని ఈమెయిలు

సంఘపు ముద్రను పెట్టెలో నుంచి తాళము వేయుట మన మెరిగిన యాచారమే. కంప్యూటరు ద్వారా పంపు ఈమెయిలు ఉత్తరములకును అట్టి ముద్ర యొకటి గలదు. దానిని రహస్యపు తాళపుచెవి యందురు. ఉత్తరము మనమే వ్రాసితిమనియు, దారిలో నెవరును మార్చలేదనియు రుజువగుటకు దానితో సంతకము చేయుదుము. పరుల కంటబడకుండ గూఢలిపిలో పంపుటకైనచో, పుచ్చుకొనువారి బహిరంగపు తాళపుచెవి కావలెను. ఈ భేదమును ముందుగా గ్రహింపవలెను.

ఇటీవల మా కార్యాలయమున లినక్స్ యంత్రముపై నొక ఉత్తరమునకు సంతకము చేయబోగా, అనుమతి లేదని యంత్రము నిరాకరించెను. విత్తనముల ధరల పట్టిక ఆ దినమే పోవలసియుండెను. తొందరలో నొకరు, తాళపుచెవులున్న ఫోల్డరును అందరికిని తెరచివేయుడని సలహా యిచ్చిరి. మేము వలదంటిమి. గాదె తాళము బిగిసినదని తలుపే యూడదీయు రైతు గలడా?

విచారింపగా కారణము తేలినది. సంతకము చేయు సాధనము పేరు గ్నూపీజీ. అది తాళపుచెవులను వాడుకరి సొంత ఫోల్డరులో, చుక్కతో మొదలగు పేరుగల దాగిన ఫోల్డరునందుంచును. ముందునాడు మాలో నొకరు 'సూడో' ఆజ్ఞతో, అనగా సర్వాధికారియగు 'రూట్' పేర, మా ఫోల్డరుపైననే గ్నూపీజీని నడపిరి. అందుచే అందలి కొన్ని ఫైళ్లు రూట్ సొత్తైనవి, మాకు తెరచుకొనలేదు.

నివారణ మార్గమిది. మొదట ఆ ఫోల్డరునకును, అందలి ఫైళ్లకును సొంతదారెవరో చూడవలెను. రూట్ అని యున్నచో 'సీహెచ్‌ఓన్' ఆజ్ఞతో మరల వాడుకరి పేర మార్చవలెను. పిమ్మట 'సీహెచ్‌మోడ్' ఆజ్ఞతో ఫోల్డరులకు 700, ఫైళ్లకు 600 అనుమతి నీయవలెను. చదువుటకు 4, వ్రాయుటకు 2, ఫోల్డరున ప్రవేశించుటకు 1, వెరసి 7. మొదటి అంకె సొంతదారునిది, రెండవది అతని జట్టుది, మూడవది ఇతరులది. కావున 700 అనగా సొంతదారునకు సర్వము, పరులకు శూన్యము. అన్నిటికిని 777 ఇచ్చినచో, ఆ యంత్రమున ఖాతా గల ప్రతివాడును రహస్యపు తాళపుచెవికి నకలు తీసికొనగలడు. అటుపై మిగులు రక్ష సంకేతపదమొక్కటియే.

ఒకరి పేర యంత్రమున ప్రవేశించి, 'ఎస్‌యూ' ఆజ్ఞతో మరియొకరి పేరునకు మారినప్పుడును సంకేతపదము నడుగు కిటికీ తెరచుకొనక యిట్టి నిరాకరణమే కలుగవచ్చును. అప్పుడు బయటికి వచ్చి, ఆ రెండవ పేరుతోనే నేరుగా ప్రవేశింపవలెను.

సంతకము పడి, గూఢలిపి మాత్రము కుదరనిచో నది సాధారణముగా అనుమతుల లోపము కాదు. పుచ్చుకొనువారి బహిరంగపు తాళపుచెవి మనయొద్ద నున్నదో లేదో, దాని గడువు తీరినదో చూచుకొనవలెను. థండర్‌బర్డ్ వాడువారు మరియొకటి గమనింపవలెను. 2020లో వెలువడిన 78వ రూపమునుండి ఆ సాధనము తాళపుచెవులను తనయొద్దనే వేరుగా దాచుకొనుచున్నది. గ్నూపీజీ ఫోల్డరును సరిచేసినంత మాత్రమున దానికి గుణముండదు.

మా ధరల పట్టిక సాయంకాలమునకు సంతకముతో వెడలినది. సూడోతో గ్నూపీజీని నడపరాదని వ్రాసి, యంత్రము చెంత కాగితమంటించితిమి. తక్కిన సంఘముల కార్యదర్శులును అట్లు చేయుదురుగాక యని మా మనవి.