సగటున యాభై కొట్టినా ఇవ్వలేదు

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఏటా ఒక్కరికే దక్కే ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) పురస్కారానికి డెబ్బై ఏళ్ల చరిత్ర. అందులో ఆటగాళ్ల కథ ఎంతుందో, ఓటర్ల కథా అంతే ఉంది.

1961-62 సీజన్ అంకెలు చూస్తే బాస్కెట్‌బాల్ అభిమానులు ఇవాళ్టికీ నోరెళ్లబెడతారు. ఫిలడెల్ఫియా వారియర్స్ సెంటర్ విల్ట్ చాంబర్లేన్ ఆ ఏడాది మ్యాచ్‌కి సగటున 50.4 పాయింట్లు చేశాడు, 25.7 రీబౌండ్లు అందుకున్నాడు. మ్యాచ్ నిడివి 48 నిమిషాలైతే, అతను కోర్టులో ఉన్న సగటు సమయం 48.5 నిమిషాలు. అంటే అదనపు సమయానికి వెళ్లిన మ్యాచ్‌లు కూడా కలుపుకొని, ఏడాదంతా బెంచీ మీద కూర్చున్నది దాదాపు లేదన్నమాట. మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీలో, చాక్లెట్ల ఫ్యాక్టరీతో పేరుపడ్డ ఆ ఊళ్లో, న్యూయార్క్ నిక్స్ మీద ఒక్కడే 100 పాయింట్లు కొట్టాడు. అదే సీజన్లో సిన్సినాటి గార్డ్ ఆస్కార్ రాబర్ట్‌సన్ సగటు 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు. ఇలా మూడింట్లోనూ రెండంకెల సగటుతో సీజన్ ముగించడం మరో ఆటగాడికి 2017 దాకా సాధ్యం కాలేదు.

ఎంవీపీ మాత్రం ఈ ఇద్దరిలో ఎవరికీ రాలేదు. సగటున 18.9 పాయింట్లు చేసిన బోస్టన్ సెల్టిక్స్ సెంటర్ బిల్ రసెల్‌కి వచ్చింది.

అన్యాయం అనిపిస్తుంది. నాకు మాత్రం ఈ పురస్కారం చరిత్రలో ఇంతకన్నా తెలివైన తీర్పు కనిపించదు. కారణం ఓటేసినవాళ్లు. అప్పట్లో ఎంవీపీని ఎన్నుకున్నది విలేఖరులు కాదు, అభిమానులు కాదు. తోటి ఆటగాళ్లే. సీజన్ పొడుగునా రసెల్ మీదకి బంతి తీసుకెళ్లి దెబ్బతిన్నవాళ్లు.

రసెల్ ఎదుటివాడి షాట్‌ను ఆపేవాడు. ఆపడమంటే బంతిని బలంకొద్దీ బాది ప్రేక్షకుల్లోకి పంపడం కాదు. అలా పంపితే చప్పట్లు పడతాయి గానీ, బంతి మళ్లీ ప్రత్యర్థికే వస్తుంది. రసెల్ వేళ్ల కొసలతో బంతిని తట్టి సొంత జట్టువాడి చేతుల్లో పడేసేవాడు. అవతలివాళ్లు తేరుకునేలోపు సెల్టిక్స్ అటుపక్క రింగు కింద ఉండేవాళ్లు. ఇలా ఎన్ని షాట్లు ఆపాడో లెక్క లేదు, ఎందుకంటే ఎన్‌బీఏ ఇలా ఆపిన షాట్లను, అంటే బ్లాకులను, లెక్కపెట్టడం మొదలుపెట్టిందే 1973-74లో. అప్పటికి రసెల్ ఆట మానేసి నాలుగేళ్లు దాటింది. అతని అసలు విద్య స్కోరు పట్టికలో కనపడేది కాదు. ఎదురుగా నిలబడ్డవాడికే తెలిసేది.

దీనికి ఒక చక్కని సాక్ష్యం కూడా ఉంది. ఆ ఏడాది అత్యుత్తమ అయిదుగురితో కూర్చే ‘ఆల్ ఎన్‌బీఏ’ జట్టును ఎంపిక చేసింది పత్రికలవాళ్లు. అందులో మొదటి జట్టు సెంటర్ చాంబర్లేన్. రసెల్ రెండో జట్టులో! లీగ్ మొత్తానికీ విలువైన ఆటగాడు, తన స్థానంలో మాత్రం రెండోవాడు. ఇలా ఒకసారి కాదు, 1958, 1961, 1962లో మూడుసార్లు జరిగింది. గ్యాలరీలో కూర్చున్నవాళ్ల కళ్లూ, కోర్టులో ఉన్నవాళ్ల కళ్లూ చూసింది ఒకే ఆటనా అనిపిస్తుంది. 1962 వసంతంలో తూర్పు విభాగం ఫైనల్ ఏడో మ్యాచ్‌లో వారియర్స్‌ను 109-107తో ఓడించింది సెల్టిక్సే. ఆ తర్వాత ట్రోఫీ కూడా వాళ్లదే.

ఈ పురస్కారం పుట్టింది 1955-56లో. తొలి విజేత సెయింట్ లూయిస్ హాక్స్ ఆటగాడు బాబ్ పెటిట్. ఆ జట్టు 72 మ్యాచ్‌ల్లో గెలిచింది 33 మాత్రమే. పురస్కారానికి లీగ్ తొలి అధ్యక్షుడు మారిస్ పొడొలాఫ్ పేరు పెట్టుకున్నారు. ఈ పెద్దమనిషి వృత్తిరీత్యా లాయరు, అనుభవమేమో ఐస్ హాకీ లీగ్ నడపడంలో. ఆయన పేరుతోనే ఆరు దశాబ్దాలకు పైగా ట్రోఫీ నడిచింది. 1960 నుంచి 1968 వరకు 1964లో రాబర్ట్‌సన్ తప్ప రసెల్, చాంబర్లేన్‌లే పంచుకున్నారు. ఆపైన కరీం అబ్దుల్ జబ్బార్ వచ్చి ఆరు గెలిచాడు. అది ఇప్పటికీ రికార్డే. 1976లో గెలిచినప్పుడైతే అతని లేకర్స్ జట్టు టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌కి కూడా చేరలేదు. ఓడిపోయే జట్టులో ఉన్నా మంచి ఆటగాడు మంచి ఆటగాడేనని ఓటేసినవాళ్లు అనుకున్నారు.

కరీం ఆరోది, 1980 నాటిది, ఆటగాళ్లు ఓటేసిన చివరి ఎంవీపీ. మరుసటి సీజన్ నుంచి ఓటు పత్రికా విలేఖరుల, వ్యాఖ్యాతల చేతికి వెళ్లింది. ఒక్కొక్కరు వరసగా అయిదు పేర్లు రాయాలి. మొదటి పేరుకి 10 పాయింట్లు, తర్వాతి వాటికి 7, 5, 3, 1. సీజన్ మ్యాచ్‌లు అయిపోగానే, ప్లేఆఫ్స్ ఫలితాలు తేలకముందే చీటీ పంపేయాలి.

ఈ లెక్క ఎంత వింతగా తేలుతుందో 1990లో చూశారు. 38 మంది చార్లెస్ బార్‌క్లీ పేరు మొదట రాశారు, 27 మంది మ్యాజిక్ జాన్సన్ పేరు రాశారు. గెలిచింది జాన్సన్, 636-614 పాయింట్లతో. రెండో, మూడో స్థానాల్లో అందరికీ ఆమోదమైనవాడు నెగ్గుకొచ్చాడు. మన ఎన్నికల్లోలా ఎక్కువ ఓట్లొచ్చినవాడిదే గెలుపని లెక్కేస్తే బార్‌క్లీదే. అతను మరో మూడేళ్లు ఆగాల్సి వచ్చింది.

విలేఖరులకు ఇంకో జబ్బు ఉంది. ఒకే పేరు పదేపదే రాయాలంటే వాళ్లకి మొహం మొత్తుతుంది. మైకేల్ జోర్డాన్‌కి 1988, 1991, 1992, 1996ల్లో ఇచ్చేశారు. 1997లో అతని షికాగో బుల్స్ 69 మ్యాచ్‌లు గెలిచింది. అయినా ఓటర్లు యూటా జాజ్ ఫార్వర్డ్ కార్ల్ మలోన్ వైపు మొగ్గారు, 986-957తో. మలోన్ ముద్దుపేరు ‘మెయిల్‌మ్యాన్’, అంటే పోస్ట్‌మ్యాన్. ఏది అప్పగించినా తెచ్చిచ్చేవాడని. ఆ జూన్ 1న, ఆదివారం నాడు, షికాగోలో ఫైనల్స్ తొలి మ్యాచ్. స్కోరు 82-82, గడియారంలో 9.2 సెకన్లు, మలోన్‌కి రెండు ఫ్రీ త్రోలు. గీత దగ్గర నిలబడ్డ అతని చెవిలో బుల్స్ ఆటగాడు స్కాటీ పిప్పెన్ ఒక మాట వేశాడు: ఆదివారాలు పోస్ట్‌మ్యాన్ రాడు కదా అని. మొదటిది పోయింది. రెండోదీ పోయింది. బంతి జోర్డాన్ చేతికొచ్చింది, సమయం అయిపోతుండగా షాట్ పడింది, 84-82. సిరీస్ కూడా ఆరో మ్యాచ్‌లో ముగిసింది. 1993లో బార్‌క్లీకి ఎంవీపీ ఇచ్చినప్పుడూ ఇదే కథ: ఫైనల్స్‌లో జోర్డాన్ బార్‌క్లీ జట్టు మీద సగటున 41 పాయింట్లు బాదాడు. ఈ రెండుసార్లూ అతను ఓటర్లకు జూన్‌లో జవాబు చెప్పాడు. 2022లో లీగ్ పొడొలాఫ్ పేరు తీసి ట్రోఫీకి జోర్డాన్ పేరే పెట్టింది. ఎత్తు 23.6 అంగుళాలు, బరువు 23.6 పౌండ్లు: జెర్సీ నంబరు 23కి, ఆరు టైటిళ్లకి గుర్తుగా. జోర్డాన్‌ని అలా పక్కనపెట్టిన పురస్కారం మీద ఇప్పుడు అతని పేరే.

ముందే ఓటేయడం వల్ల ఇబ్బందిపడ్డది జోర్డాన్ ప్రత్యర్థులే కాదు. 2007లో డల్లస్ మావరిక్స్ 67 విజయాలతో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచి, తొలి రౌండ్‌లోనే ఎనిమిదో సీడ్ గోల్డెన్ స్టేట్ చేతిలో ఓడింది. ఆ జట్టు నాయకుడు డిర్క్ నొవిట్జ్కీ ఓడి ఇంటికెళ్లిన తర్వాత ఎంవీపీ అందుకోవాల్సి వచ్చింది. 2016లో స్టెఫెన్ కరీది ఇంకో తరహా. 131 ఓట్లకు 131 అతనివే. చరిత్రలో ఏకగ్రీవం అదొక్కటే. అతని జట్టు ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం నుంచి జారిపోయింది.

ఏకగ్రీవానికి ఒక్క ఓటు దూరంలో ఆగినవాళ్లు ఇద్దరు. 2000లో షకీల్ ఓనీల్, 2013లో లెబ్రాన్ జేమ్స్. ఇద్దరికీ 121లో 120. లెబ్రాన్‌కి ఓటేయనిది బోస్టన్ గ్లోబ్ విలేఖరి గ్యారీ వాష్‌బర్న్. ఆయన దాక్కోలేదు, తానేనని రాసి కారణం చెప్పాడు: లెబ్రాన్ లేకపోయినా మయామి ప్లేఆఫ్స్‌కి వెళ్తుంది, కార్మెలో ఆంథొనీ లేకపోతే నిక్స్ ఎక్కడుంటుందని. వాదన నాకు పూర్తిగా నచ్చకపోయినా, ఓటుకి కారణం చెప్పగలిగినవాడంటే గౌరవం.

ఇటీవలి విజేతలు ఎక్కడివాళ్లో చూడండి. 2018లో జేమ్స్ హార్డెన్ తర్వాత 2025 దాకా అమెరికాలో పుట్టినవాడెవరూ గెలవలేదు. గ్రీస్ నుంచి యానిస్ ఆంటెటొకూంపో రెండుసార్లు, సెర్బియా నుంచి నికొలా యోకిచ్ మూడుసార్లు, కామెరూన్‌లో పుట్టిన జోయెల్ ఎంబీడ్, కెనడా కుర్రాడు షాయ్ గిల్జియస్ అలెగ్జాండర్. వీళ్లలో యోకిచ్‌ది ముచ్చటైన కథ. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2014లో, 41వ ఎంపికగా అతని పేరు వచ్చేసరికి టీవీలో టాకో బెల్ ప్రకటన నడుస్తోంది, పేరు కింద చిన్న అక్షరాల్లో జారిపోయింది. 2022లో అతనికి ఎంవీపీ కబురు చెప్పాలని అతని జట్టు డెన్వర్ కోచ్‌తో సహా పెద్దలు సొంతూరు సోంబోర్ వెళ్తే, విజేత గుర్రపుశాల దగ్గరికి పందెపు బండి తోలుకుంటూ వచ్చాడు.

ఓటు బరువు మాత్రం పెరుగుతోంది. ఎంవీపీ గెలిచినవాడికి, అనుభవం తదితర షరతులు కుదిరితే, జీతాల పరిమితిలో 35 శాతం దాకా ఒక్కడికే ఇచ్చే భారీ ఒప్పందానికి అర్హత వస్తుంది. విలేఖరి చీటీ మీద కోట్ల డాలర్లు ఆధారపడటం పత్రికలవాళ్లకే ఇబ్బందిగా ఉంది. కొన్ని పెద్ద పత్రికలు తమవాళ్లని ఓటేయనివ్వవు. పైగా ఎవరెవరికి ఓటేశారో లీగ్ బయటపెడుతోంది, తిట్లు తినే బాధ్యత వాళ్లదే.

2023-24 నుంచి మరో నిబంధన వచ్చింది: 82 మ్యాచ్‌ల్లో కనీసం 65 ఆడనివాడికి ఎంవీపీ లేదు. విశ్రాంతి పేరుతో స్టార్లు మ్యాచ్‌లు ఎగ్గొడుతున్నారన్నది లీగ్ బాధ. దెబ్బ తగిలినవాడికీ, తప్పించుకున్నవాడికీ నిబంధన దాదాపు ఒకటే. తొలి ఏడాదే ఎంబీడ్ సగటున 34.7 పాయింట్లు చేస్తూ మోకాలి గాయంతో 39 మ్యాచ్‌లకే ఆగి, లెక్కలోంచి పోయాడు.

1978లో పోర్ట్‌లాండ్ ట్రెయిల్ బ్లేజర్స్ 60 మ్యాచ్‌ల్లో 50 గెలిచి ఉంది. అప్పుడు సెంటర్ బిల్ వాల్టన్ పాదం దెబ్బతింది. అతను లేకుండా ఆడిన మిగతా 22లో గెలిచినవి 8. వాల్టన్ ఎంతటివాడో ఆ 22 మ్యాచ్‌లే చూపించాయని ఆటగాళ్లకి అర్థమైంది. 58 మ్యాచ్‌లే ఆడిన మనిషికి ఓటేసి ఎంవీపీని చేశారు. ఇప్పటి నిబంధన ఉంటే, అతని పేరు రాసిన చీటీ చెల్లేదే కాదు.