వర్చువల్ మెషీన్‌లో డేటాబేస్: ‘సేవ్ అయింది’ అంటే నిజంగా సేవ్ అయినట్టేనా?

సెకండ్‌హ్యాండ్‌లో ఒక మినీ పీసీ కొని, దానిమీద ప్రాక్స్‌మాక్స్ వేసి, ఫోటోల బ్యాకప్‌కి ఒక కంటైనర్, హోమ్ అసిస్టెంట్‌కి ఒక వీఎం పెట్టుకోవడం ఇప్పుడు మనలో చాలామందికి హాబీ అయిపోయింది. వీటన్నిటి వెనకా ఎక్కడో ఒక డేటాబేస్ ఉంటుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేయడం ఐదు నిమిషాల పని. కానీ ఆ డేటాబేస్ ఫైళ్లు అసలు ఏ డిస్క్‌లో ఉన్నాయి, వాటి ఓనర్ ఎవరు, కరెంటు పోయిన క్షణంలో వాటికి ఏమవుతుంది అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఈ ఆర్టికల్ దాని గురించే.

మా అనంతపురంలో ఈ ప్రశ్న సరదా కోసం అడిగేది కాదు. ఇక్కడ ఏడాదికి సగటున పడే వాన 550 మి.మీ. దగ్గర. బోరులో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయన్నదే శెనక్కాయ వేయాలా, మానాలా అన్నది తేలుస్తుంది. 2000ల దశకంలో ఎఫ్ఏఓ తోడ్పాటుతో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతుల భూగర్భజల ప్రాజెక్టు ఒకటి నడిచింది. ఏపీఫామ్స్ అనేవారు. అందులో రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచి, రిజిస్టర్లో రాసి, ఊళ్లో అందరికీ కనబడేలా బోర్డుల మీద పెట్టేవారు. అదే పని ఇప్పుడు ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక సెన్సర్ చేసేస్తాయి. మా బోరు దగ్గర నుంచి పావుగంటకోసారి రీడింగ్ వచ్చి ఇంట్లో మినీ పీసీలోని పోస్ట్‌గ్రెస్‌లో పడుతుంది.

సినిమా ఫైల్ పోతే మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పోయిన మంగళవారం నీటిమట్టాన్ని ఈరోజు మళ్లీ కొలవలేం. రిజిస్టర్లో పెన్నుతో రాసింది కరెంటు పోయినా ఉంటుంది. మన డేటాబేస్ కూడా అంత నమ్మకంగా ఉండాలంటే కొన్ని సెట్టింగ్స్ సరిగ్గా ఉండాలి.

ఒక్క రీడింగ్ ఎన్ని చేతులు మారుతుంది?

పోస్ట్‌గ్రెస్ ‘కమిట్’ అని చెప్పే ముందు, ఆ మార్పును ముందుగా వాల్ అనే లాగ్ ఫైల్‌లో రాస్తుంది. తర్వాత ఎఫ్‌సింక్ అనే సిస్టమ్ కాల్ ద్వారా ‘ఇది డిస్క్ మీద పడేదాకా నాకు జవాబు చెప్పొద్దు’ అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. మామూలు పీసీలో ఆ మాట నేరుగా డిస్క్‌కు చేరుతుంది. వీఎంలో అయితే దారి పొడుగు. ముందు గెస్ట్ కెర్నల్, తర్వాత వర్చువల్ డిస్క్, ఆ తర్వాత క్యూఈఎంయూ, హోస్ట్ ఫైల్ సిస్టమ్, చివర్న ఎస్ఎస్‌డీ లోపలి క్యాష్. ఇన్ని చేతులు మారాకే ఫ్లాష్ చిప్.

వీటిలో ఏ ఒక్కటి ‘ఆ, రాసేశాను’ అని అబద్ధం చెప్పినా పోస్ట్‌గ్రెస్ దాన్ని నమ్మేస్తుంది. పై లేయర్లన్నీ ఎంత పక్కాగా ఉన్నా లాభం లేదు. కాబట్టి ఒక్కో లేయర్‌ని విడిగా చూద్దాం.

కంటైనర్ అయితే: ముందు ఓనర్ సంగతి

ప్రాక్స్‌మాక్స్‌లో ఎల్ఎక్స్‌సీ కంటైనర్‌కి హోస్ట్‌లోని ఒక ఫోల్డర్‌ను నేరుగా ఇవ్వొచ్చు. దీన్నే బైండ్ మౌంట్ అంటారు. కంటైనర్ హోస్ట్ కెర్నల్‌నే వాడుకుంటుంది కాబట్టి మధ్యలో వర్చువల్ డిస్క్ ఉండదు, దారి దగ్గరవుతుంది. చిక్కు వచ్చేది పర్మిషన్ల దగ్గర.

అన్‌ప్రివిలేజ్డ్ కంటైనర్‌లో యూజర్ ఐడీలు హోస్ట్‌లో ఉన్నవి కావు. డిఫాల్ట్‌గా కంటైనర్ లోపలి ఐడీకి 1,00,000 కలిపితే హోస్ట్‌లోని ఐడీ వస్తుంది. లోపల రూట్ ఐడీ 0 అయితే బయట అతను 1,00,000 నంబర్ మామూలు యూజర్. లోపల పోస్ట్‌గ్రెస్ యూజర్ ఐడీ 105 అనుకుందాం. అప్పుడు హోస్ట్‌లో ఆ ఫోల్డర్ ఓనర్ 1,00,105 కావాలి. గ్రూప్ ఐడీకి కూడా ఇదే లెక్క. మీ కంటైనర్‌లో ఆ నంబర్లు ఎంతో లోపలికి వెళ్లి ‘ఐడీ’ కమాండ్‌తో చూసుకోండి, ఊహించొద్దు. ఈ లెక్క తప్పితే కంటైనర్ లోపల ఫోల్డర్ ఓనర్ ‘నోబడీ’ అని కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పని 777 పర్మిషన్ కొట్టడం. మిగతా యాప్స్ దగ్గర అది నడుస్తుందేమో గానీ పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. డేటా ఫోల్డర్ పర్మిషన్ 0700 ఉండాలి, లేదా వెర్షన్ 11 నుంచి 0750 ఉండొచ్చు. అంతకన్నా తెరిచి పెడితే అసలు స్టార్టే కాదు. ఇది చాదస్తం కాదు. వేరే ప్రోగ్రామ్ ఏదైనా ఆ ఫైళ్లలో వేలు పెడితే డేటాబేస్ మొత్తం పాడవుతుంది.

ఇంకొకటి. డిస్క్ మౌంట్ అయ్యే ఫోల్డర్‌ని కాకుండా, దాని లోపల ఒక సబ్‌ఫోల్డర్ చేసి దాన్నే కంటైనర్‌కి ఇవ్వండి. కరెంటు వచ్చాక యూఎస్‌బీ హార్డ్ డిస్క్ లేటుగా మౌంట్ అయిందనుకోండి. సబ్‌ఫోల్డర్ కనబడదు, కంటైనర్ స్టార్ట్ కాదు, మీకు వెంటనే తెలుస్తుంది. అదే పై ఫోల్డర్ ఇచ్చి ఉంటే దాని స్థానంలో ఖాళీ ఫోల్డర్ కనిపిస్తుంది. డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ అయితే మరీ డేంజర్. ఖాళీ ఫోల్డర్ చూస్తే అది కొత్త డేటాబేస్ సృష్టించుకుని హాయిగా నడుస్తుంది. రెండేళ్ల రీడింగ్స్ మాయమైనట్టు కనిపిస్తాయి. డాకర్‌లో పొట్టి ‘వీ’ ఆప్షన్ లేని ఫోల్డర్‌ను తనే సృష్టిస్తుంది. పొడుగు ‘మౌంట్’ ఆప్షన్‌తో బైండ్ చేస్తే ఫోల్డర్ లేనప్పుడు ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రరే మనకు కావాల్సింది.

వీఎం అయితే: క్యాష్ మోడ్ చూడండి

వీఎం హార్డ్‌వేర్ ట్యాబ్‌లో హార్డ్ డిస్క్ ఓపెన్ చేస్తే ‘క్యాష్’ అని ఒక ఆప్షన్ ఉంటుంది. డిఫాల్ట్ ‘నో క్యాష్’. ఇది హోస్ట్ మెమరీని దాటేసి నేరుగా డిస్క్‌కు రాస్తుంది, గెస్ట్ పంపిన ఎఫ్‌సింక్‌ను కిందికి చేరుస్తుంది. డేటాబేస్‌కి ఇదే మంచిది. ‘రైట్ బ్యాక్’ హోస్ట్ మెమరీని వాడుకున్నా ఎఫ్‌సింక్ వస్తే గౌరవిస్తుంది. అందుకని పేరు చూసి భయపడనక్కర్లేదు.

భయపడాల్సింది ‘రైట్ బ్యాక్ అన్‌సేఫ్’కి. ఇది ఎఫ్‌సింక్‌ను వినీ విననట్టు వదిలేస్తుంది. బెంచ్‌మార్క్ నంబర్లు అదిరిపోతాయి, కరెంటు పోతే డేటాబేస్ పోతుంది. జడ్‌ఎఫ్‌ఎస్‌లో ‘సింక్ డిసేబుల్డ్’ కూడా ఇదే జాతి. ఫైల్ సిస్టమ్ బాగానే ఉంటుంది గానీ, కమిట్ అయిందని చెప్పిన చివరి కొన్ని సెకన్ల డేటా ఎగిరిపోతుంది. స్పీడ్ టిప్స్ వీడియోల్లో ఈ రెండూ తరచుగా కనిపిస్తాయి. టెస్ట్ మెషీన్ వరకు ఓకే.

స్పీడ్ నిజంగా కావాలంటే పోస్ట్‌గ్రెస్‌లోనే ‘సింక్రొనస్ కమిట్’ ఆఫ్ చేయొచ్చు. చివరి కొన్ని ట్రాన్సాక్షన్లు పోతే పోవచ్చు గానీ డేటాబేస్ చెడిపోదు. ‘ఎఫ్‌సింక్’ ఆఫ్ మాత్రం ఎప్పుడూ చేయొద్దు. రెండిటికీ తేడా ఇదే: ఒకటి రిజిస్టర్లో చివరి లైన్ పోవడం, రెండోది రిజిస్టరే చిరిగిపోవడం.

ఒక డిస్క్, ఇద్దరు యజమానులు వద్దు

‘రెండు వీఎంలకీ ఒకే వర్చువల్ డిస్క్ ఇచ్చేస్తే డేటా షేర్ అవుతుంది కదా’ అని అనిపిస్తుంది. ఈఎక్స్‌టీ4 లాంటి ఫైల్ సిస్టమ్‌తో అలా చేస్తే డిస్క్ నాశనమే. ఒక వీఎం రాసింది రెండోదానికి తెలియదు, ఎవరి లెక్క వాళ్లు రాసుకుపోతారు. పెద్ద కంపెనీల్లో షేర్డ్ డిస్క్ కోసం ఒరాకిల్ ఏఎస్ఎం, జీఎఫ్ఎస్2 లాంటివి ప్రత్యేకంగా వాడేది ఇందుకే. మన ఇంటి సెటప్‌లో జవాబు సింపుల్: ఫైళ్లు ఒక్క వీఎం దగ్గరే ఉండాలి, మిగతావాళ్లు నెట్‌వర్క్ ద్వారా డేటాబేస్‌తో మాట్లాడాలి. ఎస్‌క్యూలైట్ ఫైల్‌ను ఎన్ఎఫ్ఎస్ షేర్‌లో పెట్టి రెండు చోట్ల నుంచి తెరవడం కూడా వద్దు. దాని వాల్ మోడ్ నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ మీద పనిచేయదని ఎస్‌క్యూలైట్ వాళ్లే డాక్యుమెంటేషన్‌లో రాశారు.

నమ్మకం వద్దు, టెస్ట్ చేయండి

పోస్ట్‌గ్రెస్‌తో పాటు పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అనే చిన్న టూల్ వస్తుంది. డేటా ఉండే డిస్క్ మీద, గెస్ట్ లోపల నుంచి దాన్ని నడపండి. సెకనుకు ఎన్ని ఎఫ్‌సింక్‌లు అవుతున్నాయో చూపిస్తుంది. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ సెకనుకు తిరిగేది 120 చుట్లే. అలాంటి డిస్క్ మీద ఎఫ్‌సింక్‌లు వేలల్లో వస్తున్నాయంటే మధ్యలో ఎవరో అబద్ధం చెబుతున్నట్టే.

ఎస్ఎస్‌డీకి ఈ లెక్క పనికిరాదు. దానికి మొరటు టెస్ట్ ఒకటి ఉంది. డమ్మీ డేటాబేస్ ఒకటి పెట్టి, వేరే ల్యాప్‌టాప్ నుంచి 1, 2, 3 అంటూ వరసగా నంబర్లు ఇన్సర్ట్ చేస్తూ, కమిట్ అయిన ప్రతి నంబర్‌నూ ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద ప్రింట్ చేయండి. మధ్యలో మినీ పీసీ ప్లగ్ పీకేయండి. మళ్లీ ఆన్ చేశాక, స్క్రీన్ మీద చివరగా కనిపించిన నంబర్ డేటాబేస్‌లో ఉండి తీరాలి. లేదంటే పై లేయర్లలో ఒకటి తేడా. అసలు డేటా ఉన్న మెషీన్ మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు.

‘ఇంత అనుమానం అవసరమా?’ అనిపిస్తే ఒక సంగతి. ఎఫ్‌సింక్ ఒకసారి ఫెయిలైతే, రెండోసారి అడిగినప్పుడు లైనక్స్ ‘అంతా బాగుంది’ అని చెప్పగలదని పోస్ట్‌గ్రెస్ డెవలపర్లకే 2018లో గట్టిగా తెలిసొచ్చింది. 2019 అప్‌డేట్స్ నుంచి ఎఫ్‌సింక్ ఫెయిలైతే పోస్ట్‌గ్రెస్ మళ్లీ ప్రయత్నించదు. వెంటనే ఆగిపోయి, లాగ్ నుంచి రికవర్ అవుతుంది.

కరెంటు, బ్యాకప్

మామూలు ఎస్ఎస్‌డీల్లో కరెంటు పోయినప్పుడు క్యాష్‌ను కాపాడే కెపాసిటర్లు ఉండవు. ఎంటర్‌ప్రైజ్ మోడల్స్‌లో ఉంటాయి, పవర్ లాస్ ప్రొటెక్షన్ అని రాసి ఉంటుంది. బడ్జెట్ లేకపోతే ముందు ఇన్వర్టర్ వెనకాల స్విచ్ చూడండి. చాలావాటిలో ‘యూపీఎస్ మోడ్’ ఉంటుంది, అందులో పెడితే కంప్యూటర్ ఆగకముందే బ్యాటరీ అందుకుంటుంది. యూఎస్‌బీ ఉన్న యూపీఎస్ అయితే నట్ అనే ఓపెన్ సోర్స్ టూల్‌తో బ్యాటరీ అయిపోకముందే వీఎంలను వరసగా షట్‌డౌన్ చేయించొచ్చు.

చివరిగా అందరూ మిస్సయ్యే పాయింట్: ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ బైండ్ మౌంట్ ఫోల్డర్లను తీసుకోదు. బ్యాకప్ సక్సెస్ అని పచ్చటి టిక్ వస్తుంది, అందులో మీ డేటా ఉండదు. కాబట్టి రోజూ రాత్రి పీజీ డంప్ తీసి వేరే డిస్క్‌లోకి పంపండి. నెలకోసారి ఆ డంప్‌ను ఖాళీ డేటాబేస్‌లోకి రీస్టోర్ చేసి, చివరి రీడింగ్ తేదీ సరిగ్గా ఉందో లేదో చూడండి. అక్కడ నిన్నటి తేదీ కనిపించాకే ‘సేవ్ అయింది’ అన్న మాటను నమ్మండి.