విలాస నౌకను అడగాల్సిన మొదటి ప్రశ్న

2021 జులై 11న న్యూమెక్సికో ఎడారి మీదుగా వర్జిన్ గెలాక్టిక్ వారి అంతరిక్ష నౌక ‘యూనిటీ’ పైకి ఎగిసినప్పుడు తెలుగిళ్లలో అందరి కళ్లూ అందులో ప్రయాణిస్తున్న శిరీష బండ్ల మీదే. లోపల ఆమె చేసిన పని గురించి మాత్రం మనం అంతగా మాట్లాడుకోలేదు. ఆమెతో కలిపి నలుగురు ప్రయాణికులనూ పంపింది షికారుకు కాదు, నౌక లోపలి గది ఎలా ఉందో చూసి చెప్పమని. టికెట్టు కొన్న మనిషికి ఆ ప్రయాణం ఎలా ఉంటుందో చూడటం సంస్థ వ్యవస్థాపకుడు రిచర్డ్ బ్రాన్సన్ వంతు. శిరీష ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి మొక్కల ప్రయోగాన్ని చేత పట్టుకుని, బరువు తెలియని ఆ కాసిని నిమిషాల్లో ఒక పరిశోధకురాలు అక్కడ పని చేసుకోగలదా అన్నది పరీక్షించారు.

ఆ గదికి గుండ్రటి కిటికీలున్నాయి. గాల్లో తేలుతూ తమను తాము చూసుకోవడానికి వెనకవైపు పెద్ద అద్దం ఉంది. ఒంటి మీద పడే ఒత్తిడికి తగ్గట్టు వాలే సీట్లున్నాయి. అద్దం ముచ్చట కోసం, సీటు ప్రాణం కోసం. నౌక బొమ్మను చూసి అభిప్రాయం చెప్పేవారు ముందు ఈ రెంటినీ వేరు చేయాలి.

ఇదే చూపుతో 2016 నాటి హాలీవుడ్ చిత్రం ‘ప్యాసింజర్స్’లోని అవలాన్ నౌకను చూద్దాం. 5,000 మంది ప్రయాణికులు, 258 మంది సిబ్బంది, 120 ఏళ్ల ప్రయాణం. బారు ఉంది, అంతరిక్షంలోకి తెరుచుకున్నట్టుండే ఈతకొలను ఉంది. నౌక మొరాయించి కృత్రిమ గురుత్వం పోగానే ఆ కొలను నీళ్లు ముద్దగా పైకి లేచి, ఈదుతున్న నాయికకు ఊపిరాడనివ్వవు.

పెద్దదోర్నాల ఊళ్లో ఎవరికి ఆ కొలను బొమ్మ చూపించినా ముందు ‘ఇన్ని నీళ్లు ఎక్కడివి?’ అనే అడుగుతారు. పక్కనే నల్లమల ఉన్నా, కొండకు అవతల కృష్ణమ్మ పారుతున్నా, మార్కాపురం, గిద్దలూరు పల్లెలకు ఎండాకాలం ట్యాంకరే దిక్కు. ఆ ప్రశ్న నూటికి నూరుపాళ్లు శాస్త్రీయమైనది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మూత్రాన్నీ, చెమటనూ, ఊపిరిలోని తేమనూ శుద్ధి చేసి 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలిగినట్టు నాసా 2023లో ప్రకటించింది. అక్కడ నీరే అసలైన విలాసం.

అలాగని కొలను తీసేయమని చెప్పి ఊరుకుంటే అది సగం సలహాయే. నీరు విశ్వకిరణాలను కొంతవరకు అడ్డుకుంటుంది. కాబట్టి ఆ నీళ్లను పడకగదుల గోడల్లో నిలవ చేయమనడం నౌకను బాగుచేసే సలహా.

అవలాన్‌లో ఇంకా పెద్ద లోపం వైద్యానిది. అయిదు వేల మందికి పైగా జనానికి చికిత్స యంత్రం ఒక్కటే! నిజమైన నౌకలను ఇలా కట్టరు. విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర 2024 మే 19న బ్లూ ఆరిజిన్ క్యాప్సూల్‌లో రోదసి అంచుకు వెళ్లి వచ్చారు. దిగేటప్పుడు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. అయినా ఆరుగురూ క్షేమంగా దిగారు, ఎందుకంటే ఒకటి తప్పినా మిగతావి మోసేలా ఆ క్యాప్సూల్‌ను ముందే రూపొందించారు.

పెద్దదోర్నాల బడిలో ఏ పిల్లవాడైనా అంతరిక్ష నౌక గీసి చూపిస్తే, మాస్టారూ, రంగులు బాగున్నాయని చెప్పి పంపేయకండి. నీళ్లెక్కడ, గాలెక్కడ, ఒకటి చెడిపోతే రెండోది ఎక్కడ అని అడగండి. బొమ్మ మళ్లీ గీయించండి.